జేమ్స్ వెబ్ ఉండగా ఎక్స్‌రే టెలిస్కోపుతో పనేమిటి?

అడిగిన ప్రశ్న ఇది: "జేమ్స్ వెబ్ టెలిస్కోపు 1300 కోట్ల ఏళ్ల నాటి గెలాక్సీలను కూడా ఫొటోలు తీస్తోంది. అలాంటప్పుడు ఎప్పుడో 1999లో పంపిన చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపును ఇంకా నడపడం దేనికి? అయినా ఎక్స్‌రేలు మన ఒంట్లోంచే దూసుకుపోతాయి కదా, అద్దం వాటినెలా ఆపుతుంది? ఆ ఫొటోల్లో ఊదా, నీలం రంగులు నిజమైనవేనా?"

ఎక్స్‌రే డేటాతో చాలాకాలంగా కుస్తీ పడుతున్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. అసలు జవాబు మొదటే చెప్పేస్తాను. వెబ్‌కు అందేది ఎక్కువగా నక్షత్రాల వెలుగు. దూరపు గెలాక్సీ నుంచి చంద్రకు అందే ఎక్స్‌రేలు దాదాపుగా ఆ గెలాక్సీ నడిమధ్య ఉన్న మహా కృష్ణబిలం చుట్టూ పుట్టినవి. ఆ కృష్ణబిలం ధూళి, వాయువుల మధ్య పూర్తిగా కూరుకుపోయి ఉంటే వెబ్ ఫొటోలో అది మామూలు గెలాక్సీలాగే కనబడుతుంది. లోపల ఒకటుందని, అది చుట్టూ ఉన్న వాయువును మేస్తోందని చెప్పగలిగేది ఎక్స్‌రేలే. ఇది ఊరికే అంటున్న మాట కాదు. యూహెచ్‌జెడ్1 అనే గెలాక్సీ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఒంట్లోంచి దూసుకుపోయే సంగతి. ఆస్పత్రిలో వాడే ఎక్స్‌రేలూ, చంద్ర పట్టే ఎక్స్‌రేలూ ఒక బాపతువి కావు. ఆస్పత్రివి పదుల కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఎక్స్‌రేల శక్తికి కొలమానం ఇది) శక్తి ఉన్నవి. చంద్ర పనిచేసేది సుమారు అర నుంచి 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య. ఇవి చాలా సుకుమారమైనవి. ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్టు ఎక్స్‌రేల్లో చాలా భాగం మనం పీల్చే గాలిలో రెండు మూడు మిల్లీమీటర్లు పోయేసరికే ఆగిపోతుంది. మన నెత్తిమీదున్న వాతావరణమంతా కలిపితే పది మీటర్ల లోతు నీళ్లతో సమానం. ఇక నేలమీద కూర్చుని చూసేదేముంది? అందుకే ఈ శాస్త్రం రాకెట్లు వచ్చాకే మొదలైంది. 1962 జూన్‌లో రికార్డో జియాకోని బృందం అమెరికాలోని వైట్ శాండ్స్ నుంచి ఒక ఏరోబీ రాకెట్ వదిలింది. 80 కిలోమీటర్లకు పైన అది ఉన్నది ఆరు నిమిషాల లోపే. చందమామ మీద సూర్యుడి ఎక్స్‌రేలు పడి ఏమైనా మెరుపు వస్తుందేమో చూద్దామని పంపారు. దొరికింది వేరే: వృశ్చిక రాశిలో స్కార్పియస్ ఎక్స్-1 అనే ప్రచండమైన వనరు, దాంతోపాటు ఆకాశంలో ఎటు తిప్పినా సన్నగా పరుచుకున్న ఎక్స్‌రే వెలుగు. ఆ పరుచుకున్న వెలుగే మన కథకు ముఖ్యం. జియాకోనికి 2002లో నోబెల్ వచ్చింది.

ఇక్కడ మన హైదరాబాద్ ప్రస్తావన ఒకటి చేయాలి. ఎక్కువ శక్తి ఉన్న ఎక్స్‌రేలైతే, అంటే 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దాటినవి, 40 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తే కొంత అందుతాయి. బెలూన్ అంత ఎత్తుకు పోగలదు. టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 1960ల చివరి నుంచే హైదరాబాద్‌లో బెలూన్లు ఎగరేసి ఎక్స్‌రే ఖగోళశాస్త్రం చేశారు. భారత్‌లో ఈ రంగం పునాది అక్కడే పడింది. మన పత్రికల్లో దీన్ని తలుచుకున్నవాళ్లు తక్కువ.

అద్దం సంగతికి వద్దాం. మామూలు టెలిస్కోపు అద్దానికి ఎక్స్‌రే ఎదురుగా తగిలితే తిరిగి రాదు, లోపలికి ఇంకిపోతుంది. అదే అద్దం ఉపరితలాన్ని దాదాపు రాసుకుంటూ, ఒక డిగ్రీకి అటూ ఇటూ కోణంలో తగిలిందనుకోండి, జారినట్టు పక్కకు మళ్లుతుంది. చెరువులోకి పెంకు ముక్కను ఏటవాలుగా విసిరితే మునగకుండా కప్పగంతులు వేస్తుంది చూడండి, అలా. అందుకే ఎక్స్‌రే అద్దాలు పళ్లెంలా ఉండవు, గొట్టాల్లా ఉంటాయి. చంద్రలో అలాంటివి నాలుగు జతలు ఒకదానిలో ఒకటి దూర్చి ఉంటాయి. అన్నిటికంటే బయటిది 1.2 మీటర్ల వెడల్పు. పైన ఇరీడియం పూత. ఎక్స్‌రే రెండుసార్లు అలా జారి, పది మీటర్ల అవతల ఉన్న కెమెరా మీద కలుస్తుంది. ఈ పద్ధతిలో ఒక నష్టం ఉంది. అద్దం ఎంత పొడవున్నా, వచ్చే కిరణాలకు అది అంచు మందంలోనే కనిపిస్తుంది కాబట్టి చిక్కేవి తక్కువ. యూరప్‌వాళ్ల ఎక్స్‌ఎంఎం-న్యూటన్‌లో సన్నటి గొట్టాలు ఒక్కో మాడ్యూల్‌కు 58 చొప్పున మూడు మాడ్యూళ్లలో పేర్చింది ఇందుకే. అది ఎక్కువ ఎక్స్‌రేలు పడుతుంది, కానీ బొమ్మ అలుక్కుపోయినట్టుంటుంది. చంద్ర తక్కువ పడుతుంది, కానీ అర ఆర్క్‌సెకండ్ (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) తేడాను కూడా విడదీస్తుంది. పాతికేళ్లు దాటినా ఈ పదునుకు సాటి రాగల ఎక్స్‌రే టెలిస్కోపు మరొకటి పైకి వెళ్లలేదు. దూరపు గెలాక్సీలకు కావలసింది ఈ పదునే.

ఇప్పుడు చాలామందికి తెలియని విషయం చెబుతాను. చంద్ర ఫొటో తీయదు. మీ ఫోన్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ మీద లెక్కలేనన్ని ఫోటాన్లు, అంటే వెలుగు రేణువులు పడతాయి, వాటి మొత్తాన్ని కొలిచి బొమ్మ చేస్తుంది. దూరపు గెలాక్సీ నుంచి వచ్చే ఎక్స్‌రేలు ఒక్కొక్కటిగా వస్తాయి. చంద్రలోని ఏసిస్ కెమెరా మామూలుగా ప్రతి 3.2 సెకన్లకు ఒకసారి ఖాళీ చేసుకుని, ఈ మధ్యలో ఏమైనా తగిలిందా అని చూసుకుంటుంది. తగిలితే ఒక వరుస రాస్తుంది: ఎప్పుడు, ఎక్కడ, ఎంత శక్తితో. మాకు చేతికొచ్చేది ఆ వరుసల పట్టిక. దాన్ని ఈవెంట్ ఫైల్ అంటాం. బొమ్మ మేం తర్వాత చేసుకుంటాం. రంగుల ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఎక్స్‌రేకు కంటికి కనిపించే రంగు లేదు, కానీ ప్రతి ఫోటాన్ శక్తీ నమోదై ఉంది. తక్కువ శక్తివాటికి ఎరుపు, ఎక్కువవాటికి నీలం అని వేయడం ఒక ఆనవాయితీ. వెబ్ బొమ్మతో కలిపి చూపేటప్పుడు ఎక్స్‌రేలన్నిటికీ ఒకే ఊదా రంగు పూయడం ఇంకో ఆనవాయితీ. అది బొమ్మ చేసినవాళ్ల ఇష్టం, కల్పన మాత్రం కాదు.

ఎన్ని ఫోటాన్లు వస్తాయనుకుంటున్నారు? ఫోర్నాక్స్ నక్షత్రమండలంలో పెద్దగా ఏమీ లేని ఒక చిన్న జాగా ఉంది. మన పాలపుంత వాయువు అక్కడ పలుచగా ఉంటుంది కాబట్టి ఎంచుకున్నారు. ఏళ్ల తరబడి విడతలు విడతలుగా చంద్రను అటే తిప్పి మొత్తం 70 లక్షల సెకన్లు చూశారు. దాదాపు 81 రోజులన్నమాట. ఆ లెక్కంతా 2017లో అచ్చయింది. చంద్ర డీప్ ఫీల్డ్ సౌత్ అంటారు దాన్ని. పున్నమి చంద్రుడి కంటే కాస్త చిన్న జాగాలో వెయ్యి పైచిలుకు ఎక్స్‌రే వనరులు బయటపడ్డాయి. ఎక్కువ భాగం కృష్ణబిలాలే. ఉత్తరాన ఇలాంటిదే ఇంకో జాగాను 20 లక్షల సెకన్లు చూసినప్పుడు, అన్నిటికంటే మసకగా దొరికిన వనరుల నుంచి నాలుగు రోజులకు ఒక ఫోటాన్ చొప్పున వచ్చింది. నాలుగు రోజులకు ఒకటి!

ఇంత తక్కువైనప్పుడు అది నిజమో కాదో ఎలా తేలుస్తాం? ఇదే ఈ వృత్తిలో అసలు పని. ఆకాశం ఎప్పుడూ పూర్తిగా ఖాళీగా ఉండదు. కాస్మిక్ కిరణాలు కెమెరాను కొడుతుంటాయి, వాటిలో కొన్ని ఎక్స్‌రేల్లాగే కనిపిస్తాయి. ఉదాహరణకు ఒక చిన్న వలయంలో నేపథ్యం వల్ల సగటున రెండు ఫోటాన్లు పడాలనుకోండి, మీకు ఐదు పడ్డాయి. ఐదు లేదా అంతకంటే ఎక్కువ కేవలం యాదృచ్ఛికంగా పడే అవకాశం సుమారు 5 శాతం. ఫర్వాలేదే అనిపిస్తుంది. కానీ మీరు చూస్తున్న జాగాలో అలాంటి వలయాలు లక్షల్లో ఉన్నాయి. ఈ లెక్కన వేలకొద్దీ దొంగ వనరులు తేలతాయి. కాబట్టి గుడ్డిగా ఆకాశమంతా వెతికేటప్పుడు ఏది నిజమని ఒప్పుకోవాలన్న గీత చాలా కఠినంగా గీయాలి. అదే, వెబ్ ముందే "ఇదిగో, ఇక్కడ ఒక దూరపు గెలాక్సీ ఉంది" అని వేలుపెట్టి చూపిస్తే, ఆ ఒక్క చోట లెక్కపెడితే చాలు, గీత కాస్త సడలించవచ్చు. వెబ్, చంద్ర ఒకదానికొకటి పోటీ అనుకోవడం ఎంత పొరపాటో ఇక్కడ తెలుస్తుంది. పైగా చంద్ర తనంతట తాను దూరం చెప్పడం చాలా అరుదు. బోలెడు ఫోటాన్లు వచ్చి 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఇనుము గీత స్పెక్ట్రంలో, అంటే శక్తుల వారీగా విడదీసిన వెలుగులో, స్పష్టంగా కనబడితే తప్ప ఎక్స్‌రేల్లో రెడ్‌షిఫ్ట్ (విశ్వం వ్యాకోచం వల్ల వెలుగు ఎంత సాగిందో చెప్పే అంకె, దూరం తెలిసేది దీన్నుంచే) తేలదు. పది ఇరవై ఫోటాన్లలో ఏ గీత కనబడుతుంది? దూరం కంటికి కనిపించే వెలుగును చూసే ఆప్టికల్‌వాళ్లో, వెబ్‌వాళ్లో చెప్పాల్సిందే.

యూహెచ్‌జెడ్1 దగ్గరికి వచ్చాం. శిల్పి అనే దక్షిణాకాశపు నక్షత్రమండలంలో, మనకు 350 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఏబెల్ 2744 అనే గెలాక్సీల గుంపు ఉంది. పండోరా క్లస్టర్ అని ముద్దుపేరు. దాని బరువు వెనకనుంచి వచ్చే వెలుగును వంచి పెద్దది చేస్తుంది. ఆ వెనక, మహా విస్ఫోటం జరిగిన 47 కోట్ల ఏళ్లకే ఉన్న ఒక బుల్లి గెలాక్సీని వెబ్ పట్టింది, రెడ్‌షిఫ్ట్ 10.1 అని స్పెక్ట్రంలో తేలింది. క్లస్టర్ కటకం దాన్ని సుమారు నాలుగింతలు చేసి చూపిస్తోంది. ఆకోష్ బొగ్డాన్ బృందం చంద్రను అటు తిప్పి మొత్తం 12.5 లక్షల సెకన్లు, అంటే రెండు వారాలు, చూసింది. సరిగ్గా ఆ గెలాక్సీ ఉన్న చోటే ఎక్స్‌రేలు కనబడ్డాయి. ఆ పరిశోధన 2023 నవంబర్‌లో వెలువడింది.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చే వివరం ఒకటుంది. ఆ ఎక్స్‌రేలు కనబడింది 2 నుంచి 7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పరిధిలో. విశ్వం వ్యాకోచం వల్ల అక్కడి నుంచి వచ్చే ప్రతి కిరణం శక్తీ 11.1 రెట్లు (రెడ్‌షిఫ్ట్‌కు ఒకటి కలిపితే వచ్చే అంకె) తగ్గి మనకు చేరుతుంది. అంటే అవి బయలుదేరినప్పుడు 22 నుంచి 78 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, అచ్చం ఆస్పత్రి ఎక్స్‌రేల శక్తి. ఆ కృష్ణబిలం చుట్టూ ఉన్న వాయువు ఎంత దట్టమంటే, తక్కువ శక్తి ఎక్స్‌రేలను బయటికే రానివ్వదు. ఇంత గట్టివైతేనే దాన్ని చీల్చుకుని రాగలవు. ఇదే కృష్ణబిలం మనకు దగ్గర్లో ఉండి ఉంటే ఆ గట్టి ఎక్స్‌రేలు చంద్ర అద్దాలకు లొంగేవి కావు, గట్టి ఎక్స్‌రేలను పట్టే నూస్టార్ లాంటి వేరే టెలిస్కోపు కావలసి వచ్చేది. దూరం పెరిగితే వెలుగు తగ్గడం అందరికీ తెలిసిందే. అదే దూరం ముసుగు తీసిపెట్టడం కూడా ఇక్కడ చూస్తున్నాం. వెబ్ తీసిన స్పెక్ట్రంలోనేమో కృష్ణబిలం జాడ స్పష్టంగా లేదు.

పదును సంగతి కూడా ఇక్కడే తెలుస్తుంది. ఏబెల్ 2744 గుంపు నిండా కోట్ల డిగ్రీల వేడి వాయువు ఉంది, అదంతా ఎక్స్‌రేల్లో వెలుగుతూ ఉంటుంది. ఆ వెలుగు మీద ఒక చిన్న చుక్కను పట్టాలి. అలుక్కుపోయిన బొమ్మ తీసే టెలిస్కోపుకు ఆ చుక్క వాయువు వెలుగులో కలిసిపోతుంది.

సరే, దొరికితే ఏమిటట? కృష్ణబిలం బరువు కోటి నుంచి పది కోట్ల సూర్యుళ్ల మధ్య ఉంటుందని అంచనా. నాలుగు కోట్లు అనుకుని ఒక లెక్క వేద్దాం. మేసేది మరీ ఎక్కువైతే, దాన్నుంచి వచ్చే వెలుగే మిగతా వాయువును వెనక్కి నెట్టేస్తుంది. ఎడింగ్టన్ హద్దు అంటే అదే. ఆ హద్దులో ఆగకుండా మేస్తే కృష్ణబిలం సుమారు మూడున్నర కోట్ల ఏళ్లకు రెట్టింపవుతుంది. చనిపోయిన ఒక పెద్ద నక్షత్రం నుంచి 100 సూర్యుళ్ల బరువుతో మొదలైందనుకుంటే, నాలుగు కోట్లకు చేరడానికి దాదాపు 19 సార్లు రెట్టింపవ్వాలి. అంటే 65 కోట్ల ఏళ్లు. విశ్వం వయసే అప్పటికి 47 కోట్లు! అదే లక్ష సూర్యుళ్ల బరువుతో మొదలైతే తొమ్మిది లోపు రెట్టింపులు, 30 కోట్ల ఏళ్లు. ఇది కుదురుతుంది. కాబట్టి నక్షత్రం అనే మెట్టు లేకుండా పెద్ద వాయు మేఘమే నేరుగా కూలిపోయి కృష్ణబిలమై ఉంటుందన్న వాదనకు బలం వచ్చింది. కోయంబత్తూరులో పుట్టి యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ప్రియంవద నటరాజన్, తన సహచరులతో కలిసి ఇలాంటి గెలాక్సీలు ఎలా కనిపించాలో ముందే లెక్కగట్టి చెప్పారు. వాళ్ల లెక్కలో ఒక గుర్తు ఉంది: కృష్ణబిలం బరువు, ఆ గెలాక్సీలోని నక్షత్రాలన్నిటి బరువుతో సరితూగే స్థాయిలో ఉండాలి. మన చుట్టుపక్కల గెలాక్సీల్లోనైతే అది వెయ్యో వంతు మాత్రమే. యూహెచ్‌జెడ్1 ఆ గుర్తుకు సరిపోయింది.

దీంతో అంతా తేలిపోయిందని మాత్రం నేననను. అదొక్క గెలాక్సీ, అందిన ఫోటాన్లు కొద్ది, సిగ్నల్ నాలుగు సిగ్మాలకు (యాదృచ్ఛికం కాదనే నమ్మకానికి కొలత ఇది) కాస్త పైన. హద్దు దాటి మేసే దారులున్నాయని వాదించేవాళ్లూ ఉన్నారు, వాళ్ల లెక్కలూ కొట్టిపారేసేవి కావు. అదే క్లస్టర్ వెనక జీహెచ్‌జెడ్9 అనే మరో గెలాక్సీలోనూ ఎక్స్‌రేలు కనబడ్డాయని 2024లో ఒక బృందం చెప్పింది. ఇలాంటివి ఇంకా కావాలి.

మరోపక్క వెబ్ తెచ్చిన ఒక పెద్ద చిక్కు ఉంది. తొలినాటి విశ్వంలో చిన్నగా, ఎర్రగా ఉండే వింత వస్తువులు వందల్లో దొరికాయి. చిట్టి ఎర్ర చుక్కలు అందాం. వాటి స్పెక్ట్రంలో వాయువు వేగంగా తిరుగుతున్న ఆనవాళ్లు చూస్తే లోపల కృష్ణబిలాలున్నట్టే ఉంటుంది. కానీ చంద్ర డేటాలో చూస్తే అత్యధికం మౌనం. ఒక్కొక్కటిగా కనబడకపోతే పోనీ అని, వాటి స్థానాలన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి కలిపి చూశారు. అప్పటికీ రావలసినన్ని ఎక్స్‌రేలు లేవు. వాయువు అంత దట్టంగా కప్పేసిందా, ఆ కృష్ణబిలాల చుట్టూ ఎక్స్‌రేలు పుట్టించే వేడి ఎలక్ట్రాన్ల పొర బలహీనంగా ఉందా, లేక బరువులే తప్పుగా లెక్కించామా? నా మట్టుకు నాకు మొదటి రెండూ కలిసి ఉంటాయనిపిస్తుంది. ఏదేమైనా ఎక్స్‌రేలు రాకపోవడం కూడా ఒక కొలతే. చంద్ర లేకపోతే ఈ ప్రశ్నే పుట్టేది కాదు.

1962లో కనబడిన ఆ పరుచుకున్న వెలుగు సంగతి కూడా చెప్పేస్తాను. విశ్వమంతా నిండిన వేడి వాయువు వల్ల అని కొందరు చాలాకాలం అనుకున్నారు. చంద్ర లోతుగా చూసేసరికి అందులో అత్యధిక భాగం విడివిడి చుక్కలుగా, అంటే దూరపు గెలాక్సీల్లోని కృష్ణబిలాలుగా విడిపోయింది.

ఇక ఆస్ట్రోశాట్ సంగతి. "మన ఆస్ట్రోశాట్‌తో ఇవి చూడలేమా?" అని విద్యార్థులు అడుగుతుంటారు. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 మీద వెళ్లిన ఆ ఉపగ్రహం మంచి పనిముట్టే, కానీ ఈ పనికి చేసింది కాదు. దాని ఎక్స్‌రే టెలిస్కోపు పదును ఆర్క్‌నిమిషాల్లో (ఒక్కోటి 60 ఆర్క్‌సెకండ్లు) ఉంటుంది, చంద్రది అర ఆర్క్‌సెకండ్. ప్రకాశవంతమైన వనరులు క్షణక్షణానికి ఎలా మారుతున్నాయో, ఒకేసారి అతినీలలోహితంలోనూ, తక్కువ, ఎక్కువ శక్తి ఎక్స్‌రేల్లోనూ చూడటం దాని బలం. దూరపు గెలాక్సీల్లో దాని పేరు నిలబెట్టింది అతినీలలోహిత టెలిస్కోపు. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఏయూడీఎఫ్‌ఎస్01 గెలాక్సీ నుంచి బలమైన అతినీలలోహిత కిరణాలు వస్తున్నాయని పుణెలోని ఐయూకా అనే ఖగోళశాస్త్ర కేంద్రానికి చెందిన కనక్ సాహా బృందం 2020లో ప్రకటించింది. అది ఉన్నది కూడా పైన చెప్పిన ఫోర్నాక్స్ జాగాలోనే. ఒకే జాగాను ప్రపంచంలోని టెలిస్కోపులన్నీ పోగై చూడటం వల్ల వచ్చే లాభం ఇది. 2024 జనవరి 1న వెళ్లిన మన ఎక్స్‌పోశాట్ కూడా ప్రకాశవంతమైన వనరుల ధ్రువణం, అంటే కిరణాల తరంగాలు ఏ దిశలో ఊగుతున్నాయో కొలవడానికే.

చంద్ర ముసలిదైపోయిందన్న మాట మాత్రం నిజం. కెమెరా ముందున్న ఫిల్టర్ మీద ఏళ్ల తరబడి సన్నటి మురికి పొర పేరుకుని, తక్కువ శక్తి ఎక్స్‌రేలు లోపలికి రావడం బాగా తగ్గింది. యూహెచ్‌జెడ్1 లాంటివాటికి దీనివల్ల పెద్ద నష్టం లేదు, అవి కనబడేదే కాస్త ఎక్కువ శక్తిలో. వేడి తగలకుండా కప్పిన పొరలు కూడా క్షీణించాయి కాబట్టి ఒకే దిక్కుకు ఎక్కువసేపు తిప్పి ఉంచడం కుదరదు. పెద్ద పరిశీలనను ముక్కలు ముక్కలుగా చేసి తర్వాత కలుపుకోవాలి. కొత్తవాటిలో జపాన్ 2023 సెప్టెంబర్‌లో పంపిన ఎక్స్‌రిజం ఉంది. శక్తిని కొలవడంలో దానికి సాటిలేదు, పదును మాత్రం తక్కువ. యూరప్ తలపెట్టిన న్యూఅథీనా 2030ల చివరి మాట.

మీకు స్వయంగా చూడాలని ఉంటే అడ్డేమీ లేదు. చంద్ర డేటా మామూలుగా ఏడాది తర్వాత అందరికీ ఉచితంగా అందుబాటులోకి వస్తుంది. ఆ డేటాను విశ్లేషించే సీఐఏఓ (CIAO), బొమ్మగా చూపే డీఎస్9 (DS9) అనే రెండు సాఫ్ట్‌వేర్లు కూడా ఉచితమే. లినక్స్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు. నేరుగా యూహెచ్‌జెడ్1 మీద పడొద్దు, ఏమీ కనబడక విసుగొస్తుంది. ముందు పెర్సియస్ క్లస్టర్ తీసుకోండి. ఫోటాన్లు లక్షల్లో ఉంటాయి, వేడి వాయువులో కృష్ణబిలం ఊదిన బుడగలు మీరే చూస్తారు. చెయ్యి తిరిగాక ఏబెల్ 2744 దించుకుని, 2 నుంచి 7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్లు మాత్రమే ఉంచి మిగతావి తీసేయండి. వెబ్ ఇచ్చిన స్థానం చుట్టూ ఒక ఆర్క్‌సెకండ్ వలయం గీసి లెక్కపెట్టండి. నేపథ్యానికి మాత్రం దూరంగా ఎక్కడో ఖాళీ చోటు కాకుండా, క్లస్టర్ వాయువు వెలుగు అంతే ఉన్న పక్క చోటునే తీసుకోండి. లేకపోతే వచ్చే ప్రతి సంఖ్యా మిమ్మల్ని మోసం చేస్తుంది.